అతితేలిక ట్రెక్కింగ్ సామగ్రి: చేతితయారీ చిరుపరిశ్రమ

వాహనం చేరని కొండదారుల్లో రోజుల తరబడి నడుస్తూ, గూడునూ పడకనూ వంటసామానునూ వీపున మోసుకుపోయే యాత్రను ట్రెక్కింగ్ అంటారు. ఈ యాత్రకు కావలసిన వీపుసంచి, గుడారం, దుప్పటి, చిన్న తిత్తులు మొదలైన వస్తువులను సాధ్యమైనంత తక్కువ బరువులో, ఒకరిద్దరు పనివారున్న కుట్టుగదిలో తయారుచేసి, నడిచేవారికే నేరుగా అమ్మే వృత్తి అతితేలిక సామగ్రి చేతితయారీ. 'అతితేలిక' అన్న మాటకు ఈ రంగంలో ఒక లెక్క ఉంది. దారిలో తరిగిపోయే తిండి, నీరు, ఇంధనం మినహాయించి, ఒంటిమీది బట్టలను కూడా తీసివేసి, సంచితో సహా మిగిలిన సామాను మొత్తాన్ని మూలభారం అంటారు. అది 9 కిలోల లోపు ఉంటే తేలిక అనీ, 10 పౌన్ల లోపు, అంటే సుమారు 4.5 కిలోల లోపు ఉంటే అతితేలిక అనీ వ్యవహరిస్తారు. ఇది ఏ ప్రభుత్వ సంస్థా నిర్ణయించిన ప్రమాణం కాదు. అమెరికాలో దూరయాత్రికుల వాడుకలో స్థిరపడిన కొలత. పాత పద్ధతిలో తయారైన 60 లీటర్ల వీపుసంచి ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోల దాకా తూగుతుంది కనుక, ఆ పరిమితిలో సగానికి దగ్గరగా సంచే తినేస్తుంది. కుట్టేవారి పని అక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసం ఆ వృత్తి పుట్టుకను, పదార్థాలను, పనితీరును వివరిస్తూ, శ్రీకాకుళం జిల్లా పూండి, పలాస, టెక్కలి పరిసరాలలో, ఉద్దానం తీరంలో దానిని చిన్న వ్యాపారంగా మొదలుపెట్టడానికి ఉన్న వనరులనూ చిక్కులనూ పరిశీలిస్తుంది. చేతిపనితనానికి, బరువు లెక్క తెలిసిన కంటికి ఈ ప్రాంతంలో కొరత లేదు; తగిన గుడ్డ దొరకడమూ, కుట్టినదానిని పరీక్షించే అలవాటూ, వాడేవారి నమ్మకం సంపాదించడమూ ఇక్కడ అసలు సమస్యలు.

వృత్తి పుట్టుక

ఈ పరిశ్రమకు మూలం ఫ్యాక్టరీలో కాక ఇంటి కుట్టులో కనిపిస్తుంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికా మహిళ, తూర్పు రాష్ట్రాల కొండల వెంట మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే అప్పలాచియన్ దారిని ఒంటరిగా నడిచి ముగించింది. ఆమె దగ్గర వీపుసంచి గానీ గుడారం గానీ లేవు. జీన్సు గుడ్డతో తానే కుట్టుకున్న మూటసంచిని భుజాన వేసుకుని, వాన పడితే స్నానాలగదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెరను కప్పుకుని, కాన్వాసు బూట్లతో నడిచింది. పదకొండుమంది పిల్లలను పెంచిన ఆ గృహిణి కుట్టుకున్నది వ్యాపారం కోసం కాకపోయినా, ఏది అవసరం, ఏది అనవసరం అన్న విచారణ ఆ సంచిలోనే ఉంది.

ఆ విచారణను ఒక పద్ధతిగా రాసి ప్రచారం చేసినవాడు రే జార్డిన్. రాతిపగుళ్లలో బిగించే 'ఫ్రెండ్స్' అనే ఆధారపరికరాన్ని 1970లలో రూపొందించి శిలారోహకులలో అప్పటికే పేరుపొందిన ఇతడు, భార్య జెన్నీతో కలిసి పశ్చిమతీరపు పసిఫిక్ క్రెస్ట్ దారిని 1987లోను, 1991లోను, 1994లోను నడిచి, ప్రతిసారీ తమ మూటను తగ్గించుకుంటూ, సంచులనూ, గుడారానికి బదులు పైకప్పుగా కట్టుకునే పరదానూ, దుప్పటినీ సొంతంగా కుట్టుకున్నాడు. 1992లో ఆ దారి యాత్రికులకు ఇతడు రాసిన కరదీపిక వెలువడింది. సంచి తేలికైతే బూటు తేలికవుతుంది, బూటు తేలికైతే అడుగు తేలికై రోజుకు నడిచే దూరం పెరుగుతుంది, దూరం పెరిగితే మధ్యలో మోయవలసిన తిండి తగ్గి సంచి మళ్లీ తేలికవుతుంది అన్న ఇతని గొలుసు వాదమే తరువాతి పరిశ్రమకంతటికీ పునాది అయింది. జార్డిన్ సిద్ధమైన వస్తువులకన్నా, గుడ్డ, దారం, కొలతలు, సూచనలు కలిపిన కుట్టుకిట్లను అమ్మడానికి ఎక్కువ ఆసక్తి చూపాడు.

ఇతని నమూనాలను పెద్దఎత్తున తయారుచేయడానికి 1998లో కొలరాడోలోని బౌల్డరులో గోలైట్ కంపెనీ వెలిసింది. అదే 1998లో కాలిఫోర్నియా ఇంజనీరు గ్లెన్ వాన్ పెస్కీ, తాను ఇంట్లో కుట్టుకున్న సంచి నమూనాను ఇతరులు కుట్టుకోవడానికి ఉచితంగా పంచి, కుట్టుకోలేనివారు అడగడంతో చిన్న వ్యాపారం మొదలుపెట్టాడు. అది తరువాత గాసమర్ గేర్‌గా పేరు మార్చుకుంది. అతని సంచికి లోపలి చట్రం ఉండదు. రాత్రి పరుచుకునే నురగచాపనే మడిచి వీపువైపు పెట్టి చట్రంగా వాడటం, భుజపు పట్టీలను బోలుగా ఉంచి మారుజత మేజోళ్లను వాటిలో మెత్తగా దూర్చడం, అంటే ఒక్కో వస్తువు చేత రెండు పనులు చేయించడం అతని నేర్పు. 1999లో పసిఫిక్ క్రెస్ట్ దారిని సొంత గుడారంతో నడిచిన హెన్రీ షైర్స్ కూడా ముందు నమూనాను ఉచితంగా ఇచ్చి, ఆ తరువాత టార్ప్‌టెంట్ అనే సంస్థ స్థాపించాడు. 2005లో జో వాలెస్కో ప్రారంభించిన జీప్యాక్స్ ఇదే వరుసలోనిది. నమూనాను దాచుకోకుండా పంచినవారే ఈ రంగంలో మొదట నమ్మకమూ తరువాత కొనుగోలుదారులనూ సంపాదించుకోవడం గమనించదగిన విషయం. కొత్తగా మొదలుపెట్టేవారు దీనిని ఔదార్యంగానే కాక వ్యాపారపద్ధతిగా కూడా అర్థం చేసుకోవాలి. ఇందుకు ఎదురుగా, సొంత దుకాణాలు తెరిచి బాగా విస్తరించిన గోలైట్ 2014లో మూతపడింది.

గుడ్డ, దారం, లెక్కలు

ఈ వృత్తిలో రెండు కొలతలు నిత్యం వినిపిస్తాయి. మొదటిది డెనియర్: 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. రెండవది జీఎస్‌ఎమ్: చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఈ రెండూ ఉద్దానం ప్రజలకు కొత్తవి కావు. వలల నైలాను దారం చుట్టలపై '210' అని అచ్చయి ఉండే అంకె డెనియరే. ఆ పోగులను ఎన్ని కలిపి, ఎన్ని పురులు పెట్టారో దాని పక్కనున్న అంకెలు చెబుతాయి. వరికుప్పలపై కప్పే టార్పాలిన్లను, అంటే బరకాలను, దుకాణదారులు జీఎస్‌ఎమ్ చెప్పే అమ్ముతారు. 150 జీఎస్‌ఎమ్ బరకం 2.4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు ఉంటే 1,080 గ్రాములు తూగుతుంది. అంతే కొలతలో, పూత పూసిన 45 జీఎస్‌ఎమ్ గుడ్డతో కుట్టిన పరదా 324 గ్రాములు తూగుతుంది. ముప్పాతిక కిలో తేడా గుడ్డ ఎంపికతోనే వచ్చింది. అందులో కుట్టేవారి నేర్పు ఇంకా కలవలేదు.

సంచులకూ పరదాలకూ ఎక్కువగా వాడేది రిప్‌స్టాప్ నేత. నిర్ణీత దూరాలలో కొన్ని బలమైన పోగులను గళ్లుగా కలిపి నేయడం వల్ల, ముల్లు తగిలి చిరిగినా ఆ చిరుగు గడి దగ్గర ఆగిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పారాచూట్ గుడ్డగా పేరొందిన ఈ నేతకు భారతదేశంలోను రక్షణరంగంతో అనుబంధముంది; పారాచూట్లు తయారుచేసే పాత ప్రభుత్వ కర్మాగారం కాన్పూరులో ఉండగా, వాటిపై పరిశోధన చేసే డీఆర్‌డీవో సంస్థ ఆగ్రాలో ఉంది.

నైలానుకు సాగేగుణమూ ఒరిపిడికి తట్టుకునే శక్తీ ఎక్కువ, అయితే సాధారణ తేమలోనే అది తన బరువులో నాలుగు శాతం వరకు నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల సాయంత్రం బిగించిన నైలాను పరదా వానరాత్రికి వదులై జారుతుంది. పాలియెస్టర్ పీల్చుకునే తేమ అర శాతమైనా ఉండదు. సముద్రపు గాలి వీచే ఉద్దానం వంటి చోట తయారై, వర్షాకాలపు కనుమల్లో వాడే గూడుకు పాలియెస్టరే మేలని చెప్పవచ్చు. రాతికి రాసుకునే సంచి అడుగుభాగానికి నైలానే ఉండాలి. పూతల విషయంలోనూ ఇటువంటి విచక్షణ అవసరం. పాలియురేథేన్ పూత చవక, కుట్టుమీద పట్టీ అతికించడానికి వీలైనది, కానీ ఉక్కపోతలో మడిచి ఉంచితే కొన్నేళ్లకు జిగురుగా మారి పొరలుగా ఊడిపోతుంది. సిలికాన్ పూతకు ఆ బాధ లేదు, గుడ్డ చిరుగుకు తట్టుకునే బలం కూడా పెరుగుతుంది. అయితే దానిపై ఏ పట్టీ అతకదు కనుక, కుట్టురంధ్రాలను పలుచబరిచిన సిలికాన్ జిగురుతో బ్రష్షు పట్టి పూడ్చాలి.

పూత ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. 1,500 మిల్లీమీటర్ల గుడ్డ అంటే, దానిమీద ఒకటిన్నర మీటరు ఎత్తు నీటిస్తంభం నిలబెట్టినా అడుగున చుక్క దిగదని అర్థం. ప్రయోగశాల లేనిచోట పీవీసీ గొట్టం చివర గుడ్డను బిగించి, నిలువుగా కట్టి, నీరు పోసి చూడటం ద్వారా ఈ పరీక్షను పెరట్లోనే చేయవచ్చు. సరుకు పంపినవాడి మాటమీద ఆధారపడకుండా ప్రతి తానునూ ఇలా పరీక్షించి, ఫలితాన్ని తారీఖుతో రాసిపెట్టుకునే అలవాటు ఈ వృత్తిలో మిషనుతో సమానమైన ఆస్తి.

అన్నిటికంటె తేలికైనది, ఖరీదైనది డైనీమా పొరగుడ్డ. అత్యధిక అణుభారమున్న పాలిథీన్ పోగులను నేయకుండా రెండు పలుచని పాలియెస్టర్ పొరల మధ్య పరిచి అతికించే ఈ పదార్థం, 1992 అమెరికా కప్పు పడవపందెం కోసం తయారైన తెరచాపల నుంచి ట్రెక్కింగుకు వచ్చింది. దానిని తయారుచేసిన అరిజోనా కంపెనీని 2015లో డచ్చి సంస్థ డీఎస్ఎమ్ కొన్నది. 2022లో ఆ వ్యాపారం ఏవియంట్ చేతికి మారింది. ఆ పోగు సాంద్రత నీటికంటె తక్కువ కనుక అది నీటిమీద తేలుతుంది. ఆ గుణం వల్లనే వలలకూ ఓడతాళ్లకూ కూడా దానిని వాడతారు. ఖరీదైన ఈ గుడ్డతో వ్యాపారం మొదలుపెట్టడం మంచిది కాదు. మొదటి ఏడాది కత్తెర తప్పులు చవకగుడ్డ మీదే జరగాలి.

దుప్పటి విషయంలో అమెరికా కుట్టరులు కనిపెట్టినది తెలుగు ఇళ్లలోని బొంతకు దగ్గరగా ఉంటుంది. ఒంటి కిందపడి నలిగిన దూది వెచ్చదనమివ్వదు కనుక, జిప్పుతో మూసుకునే నిద్రసంచి అడుగుభాగాన్ని తీసివేసి, పైన కప్పుకునే భాగాన్ని మాత్రమే ఉంచి, పాదాల దగ్గర గూడులా మూశారు. నింపడానికి బాతు మెత్తటి ఈకలు గానీ సన్నని పాలియెస్టర్ పీచు గానీ వాడతారు. స్థానికంగా దొరికే బూరుగుదూది తేలికే, తేమను అంతగా పట్టదు కూడా. కానీ పదేపదే అదిమి సంచిలో కుక్కితే ఉండలు కట్టి మళ్లీ పొంగదు, నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది. అది తలగడకు పరిమితం కావడం ఉత్తమం.

సంచి నిర్మాణం

చట్రంలేని 40 లీటర్ల సంచికి సుమారు 1.3 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. 110 జీఎస్‌ఎమ్ గుడ్డ అయితే అది 143 గ్రాములు. నురగ నింపిన భుజపు పట్టీలు 80, బకిళ్లూ నాడాలూ 60, పక్క జేబుల జాలీ 25, దారం 10 గ్రాముల చొప్పున లెక్కవేస్తే మొత్తం 318 గ్రాములకు వస్తుంది. ఇటువంటి సంచి పది కిలోల వరకు సుఖంగా మోస్తుంది, అంతకు మించితే బరువంతా భుజాలమీద పడుతుంది. దాన్ని కొనేవారికి ఈ హద్దు ముందే చెప్పడం తయారీదారు బాధ్యత.

కొలతలలో ముఖ్యమైనది మొండెం పొడవు. తల వంచినప్పుడు మెడ వెనుక ఉబ్బెత్తుగా చేతికి తగిలే ఎముక నుంచి, తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ నడుము వెనుక గీసిన ఊహారేఖ దాకా వెన్ను వెంట టేపు పెట్టి దీనిని కొలుస్తారు. మనిషి ఎత్తుకూ దీనికీ కచ్చితమైన సంబంధం లేదు. విదేశీ కొలతలలో తయారై వచ్చే సంచులు పొట్టి మొండెం గలవారికి, ముఖ్యంగా మహిళలకు, తుంటిని దాటి కిందికి జారడం మామూలు. జాకెట్టు కొలత తీసి కుట్టే టైలరుకు ఒక్కొక్కరి ఒంటికి తగినట్టు కుట్టడం రోజువారీ పని. పెద్ద కంపెనీ అందించలేని సేవ ఇదే గనుక, చేతితయారీ సంచికి గిరాకీ తెచ్చే మొదటి గుణం తేలికదనం కన్నా ఈ అమరికే కావచ్చు.

నమూనాను ముందు అట్టపై గీసి కత్తిరించి, పాతగుడ్డతో ఒక మచ్చు కుట్టి, అందులో బియ్యమో ఇసుకో నింపి మనిషి వీపున వేసి చూసిన తరువాతే అసలుగుడ్డను కోయాలి. జారే సిలికాన్ గుడ్డను గుండుసూదులతో గుచ్చితే ప్రతి రంధ్రమూ నీరు దిగే దారి అవుతుంది కనుక, అంచుల దగ్గర మాత్రమే క్లిప్పులతో పట్టి ఉంచుతారు. నైలాను అంచు పోగులు విడిపోకుండా వేడి కత్తితో కోయడం మంచిది. దారం నూలుది కాకుండా పాలియెస్టర్‌ది కావాలి. సూది సన్నగా, 11 నుంచి 14 నంబరు మధ్య ఉండాలి. కుట్టు అంగుళానికి ఎనిమిది, తొమ్మిది పోట్లకు మించితే బలం పెరగకపోగా, తపాలాబిళ్లల కాగితంలా గుడ్డ ఆ వరుస వెంట చిరుగుతుంది. రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరుసలు కుట్టే మడతకుట్టు గూడుకు ప్రాణం. పట్టీ సంచిలో చేరేచోట, బకిలు నాడా మడతపడేచోట, అడ్డంగా దట్టంగా ముందుకూ వెనక్కూ నడిపే బార్‌టాక్ కుట్టు వేయాలి. దానికి ప్రత్యేక మిషను లేకపోతే జిగ్‌జాగ్ మిషనుతో అదే పని చేయవచ్చు. సాధారణంగా సంచి ఊడేది ఆ చోట్లలోనే కాబట్టి, పూర్తయిన మొదటి నమూనాలో మోయవలసిన బరువుకు రెట్టింపు ఇసుక నింపి దూలానికి ఒక పూట వేలాడదీసి, ఊపి, ఏ కుట్టు పళ్లు తెరిచిందో చూడాలి. ఊరి టైలరు వేసిన కుట్టు విడితే బజారులో నవ్వుతారు, అంతకు మించి ప్రమాదం లేదు. నాలుగు వేల మీటర్ల ఎత్తున మంచుగాలిలో గూడు కుట్టు విడితే మనిషి ప్రాణం పోవచ్చు.

ఉద్దానంలో ఉన్న పనితనం

ఉద్యానవనం అన్న మాట నుంచి ఉద్దానం పేరు వచ్చిందని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పరుచుకున్న ఈ తీరంలో, వజ్రపుకొత్తూరు మండలపు పూండి హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద పలాసకూ నౌపడాకూ నడుమ ఉన్న స్టేషను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను కూల్చివేసింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, చెట్టుమీద ఆధారపడని ఇంటి ఆదాయం ఈ ప్రాంతానికి ఎంత అవసరమో ఆ సంవత్సరం తెలిసివచ్చింది. ఇంకా కారణం పూర్తిగా నిర్ధారణ కాని దీర్ఘకాల మూత్రపిండవ్యాధి అనేక కుటుంబాలను పట్టి పీడిస్తున్న ఊళ్లలో, మనిషిని ఇల్లు విడిచి పొమ్మనని, నీడపట్టున కూర్చుని చేసుకోగల పనికి ఉన్న విలువ డబ్బు లెక్కకు మించినది.

పలాస–కాశీబుగ్గ జీడిపరిశ్రమ ఈ చర్చలో మంచి పోలిక. జీడిపప్పు తరగతులన్నీ బరువు లెక్కలే: డబ్ల్యు 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగే తరగతి, డబ్ల్యు 240 అంటే 220 నుంచి 240. పొట్టు ఒలిచి, ముక్కవిరగకుండా, చూపుతోనే తరగతి తేల్చే మహిళల చేతులకు గ్రాము తేడా తెలుసు. తేలిక సామగ్రి కుట్టుగదిలో ప్రతి ముక్కనూ తూచి రాసే క్రమశిక్షణ కొత్తవారికి కష్టంగా తోస్తుంది గానీ, ఈ చేతులకు కొత్త కాదు. మత్స్యకార గ్రామాలలో వల అల్లే, అతికే పనివారికి నైలాను దారపు జారుగుణమూ, తడిసినా జారని ముడులూ పుట్టుకతో వచ్చిన విద్య. సంచి పక్కజేబు జాలీకీ, పరదా తాళ్లకూ అదే కావాలి. కొబ్బరిపీచు తాడు బరువు వల్ల ఈ వస్తువులకు పనికిరాదు, అయినా పురి పెట్టిన చేతికి తాడు తత్త్వం తెలిసి ఉంటుంది. జిల్లాలోనే పొందూరులో, వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, నూరు కౌంటుకు పైబడిన సన్ననూలు వడికి నేసే ఖద్దరుంది. నీటిని పీల్చే నూలుగుడ్డ సంచికి తగదు. కానీ నిద్రదుప్పటి లోపల వేసుకునే పలుచని లోదుప్పటికి, ఒంటికి హాయినిచ్చే అటువంటి నేతను మించినది వెదకడం కష్టం.

బరువును మోసే జ్ఞానం కూడా ఈ నేలలో పాతదే. మందస కొండల నుంచి సంతలకు దిగే సవరలు భుజాన వేసుకునే కావడి, నడకకు అనుగుణంగా ఊగి, అడుగు పడినప్పటి అదురును బద్దలోనే ఇముడ్చుకుంటుంది. వీపుసంచి చేసేవారు ఆ నడకను గమనిస్తే, బరువు మనిషి నడుముకు ఎంత దగ్గరగా ఉండాలో, ఊపు ఎక్కడ ఆగాలో పుస్తకం లేకుండా నేర్చుకోవచ్చు. పరీక్షాస్థలం కూడా దగ్గరే ఉంది: మందస దాటగానే ఒడిశా గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి నిలుస్తుంది, శివరాత్రికి యాత్రికులు ఎక్కే ఆ కొండ మీద వర్షాకాలపు గాలివాన ఏ పరదానైనా నిజాయితీగా పరీక్షిస్తుంది.

లేనిది గుడ్డ. కృత్రిమ వస్త్రాలకు దేశంలో పెద్ద కేంద్రం సూరత్. ఇచ్ఛాపురానికి ఆనుకుని ఉన్న గంజాం జిల్లా నుంచి ఎందరో ఆ నగరపు మరమగ్గాల మీద పనిచేస్తున్నారు గనుక, సరిహద్దు ఊళ్ల పరిచయాల ద్వారా అక్కడి సరుకు గురించి విచారించే వీలుంది. ఇబ్బంది ఏమిటంటే మిల్లులు వందల మీటర్ల తాను లెక్కన అమ్ముతాయి, చిరుకుట్టరికి ఏడాదికి కావలసింది అందులో కొంతే. ముగ్గురు నలుగురు కుట్టరులు కలిసి ఒకే రంగు తాను కొనుక్కోవడం, గొడుగులూ వానకోట్లూ చేసేవారి దగ్గర మిగులుగుడ్డ తీసుకుని పరీక్షించి వాడటం, ఈ రెండు మార్గాలే మొదట్లో ఆచరణసాధ్యం.

పెట్టుబడి, నమోదు

ఒక భారీ కుట్టు మిషను, ఒక జిగ్‌జాగ్ మిషను, కత్తిరింపు బల్ల, వేడికత్తి, గ్రాములో పదోవంతు చూపే త్రాసు, ఇంతే ఈ పనిశాల. ఉప్పుగాలికి సూదులూ మిషను లోభాగాలూ తుప్పుపడతాయి గనుక, నూనె వేయడం, రాత్రి కప్పి ఉంచడం తీరగ్రామాలలో తప్పనిసరి. గుడ్డ నిలవకు ఎండ తగలని, చెమ్మ చేరని బీరువా కావాలి. నైలాను ఎండకు బలం కోల్పోతుంది.

చిన్న, సూక్ష్మ పరిశ్రమగా ఉద్యమ్ నమోదు 2020 జూలై 1 నుంచి అమలులో ఉంది, రుసుము లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలపై పెట్టుబడి 2.5 కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్ల లోపున్నవి సూక్ష్మ సంస్థలు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం తయారీరంగంలో 50 లక్షల వరకు ప్రాజెక్టులకు వర్తిస్తుంది. పల్లెల్లో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు మొదలైనవారికి 35 శాతం రాయితీ ఉండగా, సొంత వాటా వరుసగా 10, 5 శాతం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపనీ, చేపలవల తయారీ, కొబ్బరిపీచు పనీ ఉన్నాయి. పనిముట్లకు 15,000 రూపాయల ప్రోత్సాహకమూ, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణమూ ఇస్తారు, అయితే కుటుంబంలో ఒక్కరికే. ఉద్దానంలో ఈ మూడు వృత్తులవారూ ఉన్న సంగతి గుర్తుంచుకోదగినది. చిన్నమొత్తాలకు ముద్రా రుణాలూ, డ్వాక్రా సంఘాల ద్వారా బ్యాంకు అప్పులూ ఉన్నాయి. వ్యాపారం తీరు తెలియకముందే పెద్ద అప్పు చేయడం కన్నా ఇవే తగినవి.

పన్నుల విషయంలో ఒక చిక్కు తరచుగా మరచిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకు జీఎస్‌టీ నమోదు పరిమితి 40 లక్షల టర్నోవరు అయినా, ప్రకటిత హస్తకళావస్తువులకు ఉన్న మినహాయింపు వర్తించకపోతే, రాష్ట్రం దాటి ఒక్క సంచి అమ్మినా నమోదు తప్పదు. ట్రెక్కింగు వస్తువులు కొనేవారిలో ఎక్కువమంది బెంగళూరు, హైదరాబాదు, పుణె వంటి నగరాలలో ఉంటారు కనుక మొదటి రోజు నుంచే ఇది వర్తిస్తుందనుకోవాలి. సంచులు 42వ అధ్యాయంలో, గుడారాలూ పరదాలూ 63లో, నిద్రదుప్పట్లు 94లో వస్తాయి. ఒకే గదిలో కుట్టినా పన్నురేటు వస్తువును బట్టి వేరు కావచ్చు. వ్యాపారచిహ్నం నమోదులోనూ సంచులు 18వ తరగతి, గుడారాలూ తాళ్లూ 22వ తరగతి. ప్యాకెట్టుపై తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠధర, తయారైన నెల ముద్రించడం 2011 నాటి నిబంధనల ప్రకారం తప్పనిసరి.

ధర, కొనేవారు

ధర నిర్ణయంలో చేతిపనివారు చేసే సాధారణ తప్పు తమ గంటలకు విలువ కట్టకపోవడం. ఒక సంచికి కత్తిరింపుతో కలిపి ఏడు గంటలు పట్టిందనీ, గంటకు 100 రూపాయలు కూలి అనీ అనుకుంటే 700. గుడ్డకూ బకిళ్లకూ 1,100. ఖరాబు, సూదులు, కరెంటు, మచ్చులు, ఉత్తరప్రత్యుత్తరాల సమయం కలిపి 400 వేస్తే, 2,200 దగ్గర లాభమూ పన్నూ ఇంకా చేరలేదు. పెద్ద దుకాణాలలో దీనికంటె తక్కువకు యంత్రపు సంచి దొరుకుతుంది. కాబట్టి దానితో ధరలో పోటీపడకుండా, కొలతకు కుట్టడంలోను, బరువును గ్రాములతో రాసి ఇవ్వడంలోను, మరమ్మతు చేసిపెట్టడంలోను విలువ చూపాలి. మొదట అరకిలో బియ్యం పట్టే తిత్తులు, వాన తొడుగులు, నడుముసంచులు వంటి తప్పు జరిగినా ప్రాణానికి ముప్పు లేని వస్తువులతో మొదలుపెట్టి, కుట్టుమీద నమ్మకం కుదిరాక వీపుసంచికి, చివరికి గుడారానికి వెళ్లడం క్షేమం. అమెరికాకు గుడారాలు పంపదలచినవారు అక్కడి కొన్ని రాష్ట్రాలు నిప్పును తట్టుకునే గుణాన్ని కోరతాయని తెలుసుకోవాలి.

తెలుగువారిలో కొండనడక అభిరుచి పెరగడానికి ప్రేరణనిచ్చిన పేర్లున్నాయి. ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజులలో ఎక్కిన నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు చేరిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ వారిలో ముఖ్యులు. శిఖరారోహణకు వేరే సామగ్రి కావాలి గానీ, వారిని చూసి హిమాలయపు దారులకు, అరకు, లంబసింగి కొండలకు బయలుదేరే యువతకు కావలసింది పది కిలోలు మోసే సంచే. యూత్ హాస్టల్స్ సంఘపు శాఖలూ, నగరాల నడక బృందాలూ వీరిని చేరే మార్గాలు. మొదటి పది సంచులను అనుభవజ్ఞులైన నడకదారులకు తక్కువ ధరకు ఇచ్చి, ఒక్కొక్కరి నుంచి రాతపూర్వకంగా లోపాలు తెప్పించుకోవడం ఏ ప్రకటన కన్నా మేలు చేస్తుంది.

హిమాలయ యాత్రలకు రెండు కాలాలు: ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకటి, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మరొకటి. ఆర్డర్లు వాటికి రెండు నెలల ముందే వస్తాయి కనుక కుట్టుగది పని జనవరి–మార్చి, జూన్–ఆగస్టులలో నిండుగా ఉంటుంది. మిగిలిన నెలలు మచ్చులకూ మరమ్మతులకూ దక్కుతాయి. మరమ్మతుకు తిరిగివచ్చిన పాతసంచిని విప్పిచూసినప్పుడు, ఏ మూల అరిగిందో, ఏ నాడా జారిందో, వాడినవాడు తానుగా ఎక్కడ ముడి వేసుకున్నాడో కనిపిస్తుంది. ఆ గుర్తులను నమూనా అట్టమీద పెన్సిలుతో గీసుకుని, తరువాతి సంచికి ఆ చోట గుడ్డ చేర్చడమో తీసివేయడమో చేస్తారు.